సెల్ఫ్ నొక్కితే 'టక్', అంతే: పాత బైక్ స్టార్ట్ కాకపోతే తప్పు బ్యాటరీదేనా?

సంక్షిప్తంగా: పదేళ్లు దాటిన బైక్ మొరాయిస్తే అందరి చూపూ ముందు బ్యాటరీ మీదికే పోతుంది. చాలాసార్లు ఆ అనుమానం నిజమే. కానీ కొత్త బ్యాటరీ వేసిన కొన్ని నెలలకే కథ మళ్లీ మొదటికి వచ్చిందంటే, లోపం విడిభాగాల్లో కంటే వాటిని కలిపే అతుకుల్లో ఉండే అవకాశం ఎక్కువ. బ్యాటరీ నెగెటివ్ తీగను చాసిస్‌కు బిగించే ఎర్త్ బోల్టు, తీగలను జతచేసే ప్లాస్టిక్ కప్లర్, రిలే టెర్మినల్ లాంటివన్నమాట. చెన్నై ఉప్పుగాలి, ఈశాన్య రుతుపవనాల వాన ముందుగా తినేది వీటినే. కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తేనే ఈ లోపం దొరుకుతుంది.

చెన్నైలో పాత బండి

చెన్నైలో స్థిరపడిన నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు కుటుంబాల్లో ఊరి నంబర్ ప్లేటుతోనే తిరిగే పాత బండి ఒకటి ఉండటం మామూలే. నాన్న కొన్న స్ప్లెండరో, కాలేజీ రోజుల పల్సరో, ఎప్పటికైనా బాగు చేయించాలని దాచుకున్న బుల్లెట్టో అయ్యుంటుంది. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ గడువు ముగిసినా, తనిఖీ చేయించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకునే వీలుంది. కాబట్టి ఇంజిన్ బాగున్నంత కాలం వీటిని వదులుకోవాల్సిన అవసరం రాదు. ఇంజిన్ బాగానే ఉంటుంది కూడా. ముందు ముసలితనం వచ్చేది వైరింగ్‌కు.

ఇక్కడి వాతావరణం ఆ ముసలితనాన్ని ఇంకాస్త ముందుకు లాగుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. జనవరిలో సంక్రాంతికి ఊరెళితే బండి అపార్ట్‌మెంట్ కింద వారం పది రోజులు కదలకుండా ఉంటుంది. తర్వాత ఏప్రిల్, మే ఎండలు. వానల్లో తడిసిన కప్లర్లో తేమ మిగిలిపోతుంది, నిలబడిన రోజుల్లో బ్యాటరీ తనంతట తానే కొంత దిగిపోతుంది, ఎండ మిగిలిన ప్రాణం తీస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండే చోట వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఒక లెక్క. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు మొదలైందో యజమానికి తెలియదు. ఒక ఉదయం ఆఫీసుకు బయల్దేరేటప్పుడు సెల్ఫ్ నొక్కితే 'టక్' అని మాత్రం వినపడుతుంది.

మీటర్ తీసేముందు చెవి పెట్టాలి

సెల్ఫ్ బటన్ నొక్కినప్పుడు జరిగేది రెండు అంచెల పని. బటన్ నుంచి వెళ్లే చిన్న కరెంటు, సీటు కిందో సైడ్ ప్యానెల్ వెనకో ఉండే స్టార్టర్ రిలేలోని అయస్కాంతాన్ని మేల్కొలుపుతుంది. ఆ అయస్కాంతం లోపలి రాగి పలకను లాగి, బ్యాటరీకీ సెల్ఫ్ మోటర్‌కీ మధ్య ఉన్న లావుపాటి దారిని కలుపుతుంది. వినపడే 'టక్' ఆ పలకదే.

అసలు ఏ శబ్దమూ లేకపోతే తప్పు మొదటి అంచెలో ఉన్నట్టు. ఫ్యూజ్, తాళం స్విచ్, కిల్ స్విచ్, క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్, కొన్ని బండ్లలో సైడ్ స్టాండ్ స్విచ్, చివరికి సెల్ఫ్ బటన్. వీటిలో ఏ ఒక్కటి తెగినా రిలే దాకా కరెంటు రాకపోవచ్చు. 'టకటకటక' అని గబగబా కొట్టుకుంటే బ్యాటరీ నీరసంగా ఉందని, లేదా బ్యాటరీ టెర్మినల్ దగ్గరే పట్టు లేదని అర్థం. రిలే అతుక్కోగానే మోటర్ కరెంటు లాగుతుంది, వోల్టేజీ కూలిపోతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, వోల్టేజీ మళ్లీ లేస్తుంది. ఇదే చక్రం సెకనుకు చాలాసార్లు తిరుగుతుంది. ఒక్క గట్టి 'టక్' వచ్చి ఆగిపోతే రిలే లోపలి పలక కాలిపోయి ఉండొచ్చు, మోటర్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు, లేదా లావు తీగ దారిలో ఎక్కడో అతుకు చెడి ఉండొచ్చు. మోటర్ 'గుయ్' మని తిరుగుతున్నా ఇంజిన్ కదలకపోతే అది కరెంటు సమస్యే కాదు. మోటర్‌ను ఇంజిన్‌కు కలిపే వన్‌వే క్లచ్ జారుతోందన్నమాట. అలాంటప్పుడు బ్యాటరీ మార్చడం శుద్ధ దండగ.

శబ్దంతో పాటు దీపాన్నీ చూడాలి. తాళం తిప్పి, బ్రేక్ లైట్ వెలిగేలా పెడల్ తొక్కి పట్టుకుని సెల్ఫ్ నొక్కాలి. బ్రేక్ లైట్ పూర్తిగా ఆరిపోతే బ్యాటరీనో దాని టెర్మినల్‌నో అనుమానించాలి. 'టక్' వచ్చినా దీపం ఏమాత్రం చెక్కుచెదరకపోతే మోటర్‌కు పెద్ద కరెంటు అసలు వెళ్లడమే లేదు. అంటే రిలే పలక, లావు తీగ, బ్రష్‌లు, ఇంజిన్ ఎర్త్‌లలో ఒకచోట దారి మూసుకుపోయింది. దీపం బాగా మసకబారి మోటర్ మూలిగితే బ్యాటరీ సగం దిగిపోయి ఉంటుంది, లేదా మోటరే పట్టేసి ఉంటుంది. ఈ పరీక్షకు హెడ్‌లైట్‌ను నమ్ముకోకూడదు. పాత కమ్యూటర్ బండ్లు చాలావాటిలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాకుండా ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ మీద నేరుగా వెలుగుతుంది, ఇంజిన్ నడవనిదే వెలగదు.

12.6 చూపించే మీటర్, తిరగని మోటర్

చాలామందిని తికమక పెట్టేది ఇక్కడే. బ్యాటరీకి మీటర్ పెడితే 12.6 వోల్టులు. సెల్ఫ్ మోటర్ టెర్మినల్ దాకా దారి ఉందా అని చూస్తే ఉంది. అయినా మోటర్ తిరగదు. దాంతో మోటరే చెడిందని తేల్చేసి, విప్పి, రిపేర్ చేయించి, బిగించాక మళ్లీ అదే 'టక్'.

తప్పు మీటర్‌ది కాదు, కొలిచిన సమయానిది. సాధారణ డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం దాదాపు పది మెగా ఓములు. అంటే కొలిచేటప్పుడు అది లాగే కరెంటు లేనట్టే లెక్క. లావు తీగలో పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా సరే, దాని గుండా ఆ కాస్త కరెంటు హాయిగా పారుతుంది, మీటర్ పూర్తి 12.6 చూపిస్తుంది. అపార్ట్‌మెంట్ మీద ట్యాంకు నిండుగా ఉన్నా పైపులో ఉప్పు గడ్డకడితే కుళాయి సన్నగా కారడం చెన్నైలో అందరికీ అనుభవమే. ఇక్కడ జరిగేదీ అదే, కుళాయి తిప్పేదాకా తేడా తెలియదు.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు వల్ల 0.03 ఓముల నిరోధం చేరిందనుకుందాం. 35 వాట్ల బల్బు లాగేది సుమారు 3 ఆంపియర్లు. దానికి ఆ అతుకులో పోయే వోల్టేజీ 0.09. కంటికి తేడా కనపడదు. అదే అతుకు గుండా సెల్ఫ్ మోటర్ 60 ఆంపియర్లు లాగబోతే 1.8 వోల్టులు అక్కడే కరిగిపోతాయి. బ్యాటరీ తన వంతుగా మరో రెండు వోల్టులు దిగుతుంది కాబట్టి మోటర్‌కు మిగిలేది తొమ్మిది లోపే. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్ మాత్రం పనిచేయదు.

మీటర్‌ను ఓముల మీద పెట్టి ఈ 0.03ను పట్టుకోవడమూ కుదరదు. మీటర్ తీగల నిరోధమే అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. మిగిలిన మార్గం ఒక్కటే: బటన్ నొక్కి ఉంచి, అతుకుకు అటూ ఇటూ వోల్టేజీ ఎంత పోతోందో చూడటం.

బండిని న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ అంటుకోకుండా ప్లగ్ క్యాప్ ఊడదీయాలి. ఊడదీసిన క్యాప్‌కు ఒక పాత ప్లగ్ తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజిన్‌కు గట్టిగా ఆనించి ఉంచాలి. స్పార్క్‌కు దారి లేకుండా వదిలేస్తే ఆ హైవోల్టేజీ తిరిగి ఇగ్నిషన్ కాయిల్ మీదా, దాన్ని నడిపించి స్పార్క్ పుట్టించే సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పెట్టె మీదా పడుతుంది. ఇప్పుడు మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి నల్ల మొనను బ్యాటరీ నెగెటివ్ మీద ఉంచాలి. క్లాంపు మీద కాదు, దాని కింద ఉన్న సీసపు టెర్మినల్ మీదే. ఎర్ర మొనను ఇంజిన్ మీద రంగు లేని చోట, ఏదైనా బోల్టు తల మీద గుచ్చి పట్టుకోవాలి. బటన్ నొక్కకముందు మీటర్ సున్నా చూపిస్తుంది. నొక్కగానే ఎంతకు లేస్తే అంత వోల్టేజీ ఎర్త్ దారిలో వృథా అవుతోందన్నమాట. 0.2, 0.3 దాకా ఫర్వాలేదు. అర వోల్టు దాటితే ఎర్త్ తీగ పని పట్టాల్సిందే. ఇలాగే బ్యాటరీ పాజిటివ్ నుంచి మోటర్ టెర్మినల్ దాకా కొలవాలి. అక్కడ ఎక్కువ పోతుంటే మొనలను దగ్గరికి జరుపుకుంటూ రావాలి. రిలే రెండు లావు టెర్మినల్‌ల మధ్యే వోల్టు పోతుంటే రిలే లోపల కాలినట్టే.

రెండు వైపులా ఏమీ పోకుండా, మోటర్ దగ్గర 11 పైన వోల్టులు నిలబడి ఉండి కూడా అది తిరగకపోతే, అప్పుడు మోటర్‌ను విప్పడం న్యాయం. చాలావరకు బ్రష్‌లే అరిగి ఉంటాయి.

స్క్రూడ్రైవర్‌తో రిలే రెండు టెర్మినల్‌లను కలిపి చూడటం రోడ్డు పక్క మెకానిక్‌లు ఎప్పటినుంచో చేసే పరీక్ష. రిలే తప్పా కాదా అన్నది ఒక్క క్షణంలో తేలుతుంది, నిజమే. కానీ పెద్ద మెరుపు లేస్తుంది. పక్కనే పెట్రోల్ పైపు కారుతున్నా, బ్యాటరీ నుంచి గ్యాస్ వస్తున్నా ప్రమాదం. బండి గేర్‌లో ఉంటే మనిషి మీదికి దూకుతుంది. ఒక చిన్న రిలే కోసం అంత సాహసం అక్కర్లేదు. మామూలు మల్టీమీటర్ చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది.

చిలుము ఎలా పాకుతుంది

అతుకు చెడటం అంటే ఏం జరుగుతుంది? బండిలో కరెంటు కొద్ది కొద్ది దూరానికే ఒక లోహం నుంచి ఇంకో లోహానికి మారుతుంది. సీసపు టెర్మినల్ నుంచి ఇత్తడి లగ్గుకు (తీగ చివర బిగించే లోహపు కొసకు), అక్కడి నుంచి రాగి తీగకు, మళ్లీ లగ్గు, ఇనుప బోల్టు, చివరికి అల్యూమినియం ఇంజిన్‌కు. రెండు వేర్వేరు లోహాలు తగిలే చోట ఉప్పుతో కూడిన తేమ చేరితే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఆ రెండింటిలో బలహీనమైన లోహం కరిగిపోతుంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్, ఎన్నూరు లాంటి సముద్రపు ఒడ్డు ప్రాంతాల్లో ఆరుబయట నిలిపే బండికి ఆ తేమకు కొదవ లేదు.

తీగ చివర కనిపించే పచ్చటి చిలుము బయటికి కనిపించినంతే అనుకోకూడదు. తీగలోని సన్నటి పోగుల మధ్య ఖాళీల గుండా నీరు ప్లాస్టిక్ తొడుగు లోపలికి జానెడు దాకా పాకుతుంది. లగ్గు దగ్గర తీగను కాస్త వంచి చూస్తే తెలుస్తుంది. మంచి తీగ సాగే గుణంతో వంగుతుంది. లోపల చిలుము పట్టింది కరకరలాడుతుంది, తొడుగు కోస్తే రాగి ఎర్రగా మెరవకుండా నల్లగా, పచ్చగా పొడిలా రాలుతుంది. అలాంటి దాన్ని గీకి లాభం లేదు. శుభ్రమైన రాగి కనపడేదాకా కోసి కొత్త లగ్గు వేయాలి.

వరద నీళ్లయితే ఇంకో మెట్టు పైన. 2015 డిసెంబర్ వరదల్లో, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను సమయంలో వేళచ్చేరి, పళ్లికరణై లాంటి పల్లపు ప్రాంతాల్లో ఎన్నో బండ్లు నీట మునిగాయి. తాళంచెవి తీసేసినా బ్యాటరీ నుంచి తాళం స్విచ్, స్టార్టర్ రిలే, చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ దాకా వెళ్లే ఎర్ర తీగలో 12 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. మురికినీటిలో ఉప్పులు ఉంటాయి కాబట్టి ఆ తీగ నుంచి ఎర్త్‌కు నీటి గుండా కరెంటు పారుతూ, పాజిటివ్ వైపు రాగిని గంటల్లోనే కరిగించడం మొదలుపెడుతుంది. అందుకే నీళ్లు వస్తాయని తెలిసినప్పుడు, లేదా బండి నీళ్లలోంచి బయటపడగానే, చేయాల్సిన మొదటి పని బ్యాటరీ తీగలు విప్పడం. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్. వరుస మారిస్తే పాజిటివ్ విప్పే స్పానర్ చాసిస్‌కు తగిలి షార్ట్ అవుతుంది. సెల్ఫ్ కొట్టి చూడాలన్న ఆత్రం అసలు పనికిరాదు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, అప్పుడు ఖర్చు వేలల్లోకి వెళుతుంది.

ఎర్త్ బోల్టును బాగు చేయడం పది నిమిషాల పని. బోల్టు విప్పి, లగ్గు రెండు వైపులా, అది ఆనే చోట చాసిస్ మీద రంగూ తుప్పూ పోయేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. చాసిస్‌కు కొత్తగా పెయింట్ వేయించిన బండ్లు సరిగ్గా ఆ తర్వాతే స్టార్టింగ్ మొండికేయడం వింత కాదు. పెయింటర్ ఎర్త్ బోల్టు కింద కూడా అందంగా రంగు వేసి ఉంటాడు.

కొత్త బ్యాటరీ ఆరు నెలలకే ఎందుకు పోతుంది

బ్యాటరీ నిజంగానే పోయి ఉండొచ్చు. రాత్రంతా కదపకుండా ఉంచిన బ్యాటరీ ఉదయం 12.6, 12.7 చూపిస్తే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు వంతు మిగిలింది. నిండుగా ఉండి కూడా సెల్ఫ్ నొక్కినప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి పడిపోతే లోపల ప్లేట్లు సల్ఫేట్ పట్టి పనికిరాకుండా పోయాయని అనుకోవచ్చు. బండి తోలి ఆపిన వెంటనే కొలిస్తే మాత్రం అంకె మోసం చేస్తుంది, చార్జింగ్ తాలూకు పైపై వోల్టేజీ ఇంకా దిగి ఉండదు.

కానీ చంపింది ఎవరన్నది వేరే ప్రశ్న. సెల్ఫ్ ఎక్కువగా కొట్టడం వల్లే బ్యాటరీ అయిపోతుందన్న నమ్మకం లెక్కకు నిలవదు. 60 ఆంపియర్ల చొప్పున మూడు సెకన్లు కొడితే ఖర్చయ్యేది 180 ఆంపియర్ సెకన్లు. నికరంగా ఒక్క ఆంపియర్ చార్జింగ్ అందినా మూడు నాలుగు నిమిషాల ప్రయాణంలో అది తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి బ్యాటరీ పదేపదే దిగిపోతోందంటే ఆ ఒక్క ఆంపియర్ కూడా అందడం లేదని, లేదా బండి నిలబడి ఉన్నప్పుడు ఎవరో తాగేస్తున్నారని అర్థం.

చార్జింగ్‌ను కొలవడం తేలిక. ఇంజిన్ నడుస్తుండగా, యాక్సిలరేటర్ ఇచ్చి 4000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి బ్యాటరీ మీద కొలిస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 12.5 దగ్గరే ఆగిపోతే మ్యాగ్నెట్ కాయిల్, రెగ్యులేటర్, వాటి మధ్య కప్లర్‌లలో ఒకటి చెడింది. త్రీఫేజ్ బండ్లలో మూడు తీగలు రెగ్యులేటర్‌కు వెళతాయి. ఆ మూడింటిలో ఏ రెండింటి మధ్య కొలిచినా నిరోధం ఒక ఓము దగ్గరలో, ఒకేలా ఉండాలి. ఏ తీగకూ ఇంజిన్‌తో సంబంధం ఉండకూడదు. ఉంటే కాయిల్ కాలింది, రీవైండింగ్‌కు ఇవ్వాలి. కాయిల్ దాకా వెళ్లకముందే ఆ తీగల కప్లర్‌ను ఊడదీసి చూడటం మంచిది. గోధుమరంగులోకి మారి కరిగిన ప్లాస్టిక్ కనపడితే వెతుకులాట అక్కడితో ముగిసినట్టే.

దీనికి వ్యతిరేక రోగం కూడా ఉంది. మీటర్ 15 దాటితే బల్బులు వరసగా మాడిపోతాయి, బ్యాటరీలో నీళ్లు ఇగిరిపోతాయి. రెగ్యులేటర్ పోయిందని మార్చేస్తారు. అయితే రెగ్యులేటర్ ఎర్త్ తీగలోనో, వోల్టేజీని గమనించే తీగలోనో నిరోధం చేరినా ఇదే జరుగుతుంది. తనకు తక్కువ వోల్టేజీ కనిపిస్తోంది కాబట్టి అది ఇంకా పెంచుతుంది. ఇక్కడ కూడా దొంగ అతుకే.

అదనపు లైట్ల సంగతి తీసుకుంటే, పాత 100–150 సీసీ బండ్లు చాలావాటిలో మ్యాగ్నెట్ కాయిల్ మంచి వేగం మీద ఇచ్చేదే వంద వాట్ల లోపు. దానికి 40 వాట్ల ఎల్‌ఈడీ ఫాగ్ లైట్ల జత తగిలించి, కత్తిపారా ఫ్లైఓవర్ నుంచి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) దాకా ట్రాఫిక్‌లో పాకుతూ వెళితే మూడు ఆంపియర్లకు పైగా బ్యాటరీ నుంచే పోతాయి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. పాత బండికి ఆ నిబంధన లేదు, స్విచ్ ఉంది. హెడ్‌లైట్ బ్యాటరీ మీద వెలిగే పాత బండి అయితే, పగలు ఆర్పుకోవడానికి వీలున్న ఆ స్విచ్ యజమానికి ఉచితంగా దొరికిన చార్జర్.

నిలబడి ఉన్నప్పుడు తాగేసేవి రిమోట్ అలారం, జీపీఎస్ ట్రాకర్, చవక రకం ఫోన్ చార్జర్. తాళంచెవి తీసేసి, నెగెటివ్ తీగ విప్పి, మధ్యలో మీటర్‌ను ఆంపియర్ల మీద పెడితే తెలిసిపోతుంది. 20 మిల్లీఆంపియర్లు పోతుంటే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్. ఐదు ఆంపియర్ అవర్ల బ్యాటరీ పది రోజుల్లో ఖాళీ. పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి బండి చచ్చిపోయి ఉండటానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు. అలా పూర్తిగా దిగిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మళ్లీ చార్జ్ చేసినా మునుపటి సత్తువకు రాదు. పొడిగా వచ్చే కొత్త బ్యాటరీలో యాసిడ్ పోసి, తొలి చార్జింగ్ చేయకుండా అప్పటికప్పుడే బిగించి పంపే అలవాటు కూడా దాని ఆయుష్షును మొదట్లోనే కోసేస్తుంది. ఐదు ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అర ఆంపియర్ చొప్పున కొన్ని గంటలు పెట్టాలి.

ఇంజిన్ తిరుగుతోంది, స్పార్క్ లేదు

సెల్ఫ్ బాగానే తిప్పుతూ ఇంజిన్ అంటుకోకపోతే కథ ఇగ్నిషన్ వైపు మళ్లుతుంది. ఇక్కడ బండి ఏ కాలందో తెలియాలి, ఎందుకంటే ఒక రకానికి పనికొచ్చే సలహా ఇంకో రకానికి తప్పుదారి పట్టిస్తుంది.

తిరువొత్తియూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఉండేది కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సర్, బ్యాటరీ మీద నడిచే కాయిల్. దీనిలో రోగ నిర్ధారణ పరికరం బండితోపాటే వస్తుంది, కరెంటు ఎటు ఎంత పారుతోందో చూపే, హెడ్‌ల్యాంప్ మీది ఆమ్మీటర్. తాళం తిప్పి ఆన్‌లో పెట్టి, కిక్‌ను నెమ్మదిగా తొక్కుతుంటే పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు ఒరిగి, తెరుచుకున్నప్పుడు సున్నాకు రావాలి. అసలు కదలకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదా పాయింట్ల మీద మసి పట్టి అవి తగలడం లేదు. మైనస్‌లోనే ఇరుక్కుపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా కండెన్సర్ షార్ట్ అయింది. నెలల తరబడి నిలబెట్టిన బుల్లెట్‌లో పాయింట్ల మధ్య శుభ్రమైన కాగితం ఒకసారి లాగితేనే ప్రాణం లేచి వస్తుంది. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు.

స్ప్లెండర్ తరం బండ్లలోని ఏసీ సీడీఐకి బ్యాటరీతో పనే లేదు. మ్యాగ్నెట్‌లోని ప్రత్యేక కాయిల్ దానికి కావాల్సిన హైవోల్టేజీని ఇస్తుంది. బ్యాటరీ చచ్చినా కిక్‌తో స్టార్ట్ అవుతుందంటే కారణం ఇదే. కాబట్టి ఈ బండి కిక్‌కు కూడా రాకపోతే బ్యాటరీ మార్చడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. దీని కిల్ స్విచ్, తాళం స్విచ్ పనిచేసే తీరు కూడా వేరు. ఆపడానికి అవి సీడీఐ నుంచి వచ్చే ఒక తీగను ఎర్త్‌కు కలుపుతాయి. స్విచ్‌లోకి వాన నీరు దిగితే చాలు, అది ఆపేసిన స్థితిలోనే ఉండిపోతుంది. ఆ తీగను కప్లర్ దగ్గర విడదీసి కిక్ కొడితే స్పార్క్ వచ్చిందంటే సీడీఐ నిర్దోషి. వాన వెలిసిన మర్నాడు ఉదయం సీడీఐ కొనడానికి బయల్దేరేముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలు.

డీసీ సీడీఐ బ్యాటరీ మీద బతుకుతుంది, పల్సర్ లాంటి బండ్లలో ఉండేది ఇదే. లోపలి సర్క్యూట్ 12 వోల్టులను వందల్లోకి పెంచి కాయిల్‌కు పంపుతుంది. సరఫరా ఒక హద్దు కంటే పడిపోతే ఆ సర్క్యూట్ చేతులెత్తేస్తుంది. దీనికి ఒక గుర్తు ఉంది: సెల్ఫ్ నొక్కి ఉంచినంతసేపు ఇంజిన్ ఊరికే తిరుగుతుంది, బటన్ వదిలిన మరుక్షణం ఒక్కసారి 'గుప్' మని అంటుకోబోతుంది. మోటర్ లాగినంతసేపు పడిపోయిన వోల్టేజీ, వదలగానే లేచి స్పార్క్ ఇస్తుంది. కార్బొరేటర్‌లో లోపమని చాలామంది పొరబడేది దీన్నే. ఇక 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలతో వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పెట్రోల్ పంపు, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) రెండూ కరెంటు మీదే ఆధారపడతాయి కాబట్టి బలహీనమైన బ్యాటరీతో తోసి స్టార్ట్ చేయడం కూడా కష్టం.

ప్లగ్ ఊడదీసి ఇంజిన్‌కు ఆనించి స్పార్క్ చూసే పద్ధతి అందరికీ తెలిసిందే. బయట స్పార్క్ కనిపించినంత మాత్రాన లోపల వస్తున్నట్టు కాదు. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగిన గాలి గుండా అదే గ్యాప్‌ను దాటాలంటే చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. పసుపుపచ్చగా, సన్నగా కనిపించేది లోపల ఆరిపోతుంది. నీలంగా 'చిట్ చిట్' మని వినపడాలి. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంటుంది, స్పార్క్‌ను దానికి దూరంగా పెట్టాలి.

చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్‌కు స్టార్టై, అరగంట తిరిగాక ఆగిపోయి, ఇరవై నిమిషాలు చల్లారాక మళ్లీ బుద్ధిగా స్టార్టయ్యే బండ్లు ఇంకో రకం. వేడికి సాగి లోపల తెగే తీగచుట్ట దీనికి కారణం. పల్సర్ కాయిల్ (పల్సర్ బండిది అని కాదు, స్పార్క్ ఎప్పుడివ్వాలో సీడీఐకి చెప్పే చిన్న కాయిల్), ఇగ్నిషన్ కాయిల్, పాయింట్ల బండ్లలో కండెన్సర్ ముందు వరుసలో ఉంటాయి. మెకానిక్ దగ్గరికి చేరేలోపు బండి చల్లారిపోయి అన్నీ సవ్యంగా చూపిస్తాయి. ఆగిన చోటే, వేడి మీదే, పల్సర్ కాయిల్ నిరోధం కొలిస్తేనో కొత్త ప్లగ్ తగిలించి స్పార్క్ చూస్తేనో తప్ప ఇది దొరకదు.

జనరల్ ప్యాటర్స్ రోడ్డా, పుదుపేటా?

లోపం తేలాక విడిభాగం కోసం చెన్నైలో రెండు దారులు. కొత్తవాటికి జనరల్ ప్యాటర్స్ రోడ్, పాత బండ్ల నుంచి తీసినవాటికి పుదుపేట. పుదుపేటలో దొరకనిది లేదన్న మాట సగం నిజం, సగం గొప్ప. సెల్ఫ్ మోటర్, హ్యాండిల్ స్విచ్, వైరింగ్ కప్లర్ లాంటివి అక్కడ చూసి, తిప్పి, మీటర్ పెట్టి కొనుక్కోవచ్చు. సీడీఐ విషయంలో ఆ ధైర్యం వద్దు. ఒకే కప్లర్ ఉన్న రెండు మోడళ్ల సీడీఐలలో స్పార్క్ టైమింగ్ వేరుగా ఉండొచ్చు. బండి స్టార్ట్ అవుతుంది, తర్వాత వేడెక్కడమో లాగకపోవడమో మొదలవుతుంది. ఎలక్ట్రికల్ భాగాలను కొత్తగా కొన్నా చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. ఊహ మీద కొని చూద్దాం అనే పద్ధతి ఖరీదయ్యేది అందుకే.

పదిహేనేళ్లు దాటిన బండిలో అతుకులు ఒక్కొక్కటిగా బాగుచేస్తూ పోవడానికి కూడా హద్దుంది. తీగల తొడుగు గట్టిపడి వంచితే పెళుసుగా విరుగుతుంటే, ఇన్సులేషన్ టేపు చుట్టిన చోట్లు అసలు తీగ కంటే ఎక్కువైతే, ఫ్యూజ్ ఉండాల్సిన చోట రాగి పోగు చుట్టి కనిపిస్తే, మొత్తం వైరింగ్ మార్చడమే చవక. ఆ రాగి పోగు కరగదు కాబట్టి షార్ట్ అయిన రోజు కరిగేది తీగల కట్ట (హార్నెస్), ఆ తర్వాత అంటుకునేది సీటు.

బండిని ఎలక్ట్రీషియన్‌కు అప్పజెప్పేటప్పుడు 'స్టార్ట్ అవట్లేదు' అని చెప్పి వదిలేస్తే ఆయనా బ్యాటరీ దగ్గరే మొదలుపెడతాడు. ఉదయం కదపకముందు బ్యాటరీ వోల్టేజీ, సెల్ఫ్ నొక్కినప్పుడు అది ఎంతకు పడింది, 4000 ఆర్‌పీఎం దగ్గర ఎంతకు లేచింది అనే మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి ఇస్తే, ఆయన ఏ వైపు విప్పాలో అక్కడే తేలిపోతుంది.